చెల్లింపు తేలికే, లెక్కే క్లిష్టం: రాయ్‌పూర్ చిరు వర్తకుల ముందు ఎన్నో మార్గాలు

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని పండరి బట్టల మార్కెట్‌లోనో, గోల్ బజార్‌లోనో, సదర్ బజార్‌లోనో దుకాణం నడిపే చిన్న వర్తకుడికి సరుకు అమ్మి సొమ్ము పుచ్చుకోవడానికి నేడు ఆరు మార్గాలున్నాయి. నగదు, చెక్కు, బ్యాంకు బదిలీ, కార్డు యంత్రం, క్యూఆర్ కోడ్, ఫోనుకు పంపే చెల్లింపు లింకు. కొనుగోలుదారుకు ఇవన్నీ ఒకటే. వర్తకుడికి మాత్రం ఒక్కో మార్గానికి ఒక్కో ఖరీదు ఉంది. కొన్నింటికి రుసుము, కొన్నింటికి జాప్యం, కొన్నింటికి మోసపోయే ప్రమాదం ఆ ఖరీదుగా పరిణమిస్తున్నాయి. ఉచితంగా వచ్చిందనుకున్న సేవకు కూడా ఏదో ఒక రూపంలో మూల్యం చెల్లించక తప్పడం లేదు.

కిరాణా వ్యాపారంలో లాభం అమ్మకం విలువలో కొద్ది శాతానికి మించదు. వెయ్యి రూపాయల బియ్యం బస్తాపై 50 రూపాయలు మిగిలే దుకాణదారుడు అందులో 20 రూపాయలు చెల్లింపు రుసుముగా వదులుకోవలసి వస్తే, లాభంలో ఐదింట రెండు వంతులు పోయినట్లే. అందువల్ల సొమ్ము ఏ దారిన రావాలన్నది చిన్న వ్యాపారికి బ్యాంకు వ్యవహారం మాత్రమే కాదు, ఇల్లు గడిచే వ్యవహారం కూడా.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన నాటి నుంచి రాయ్‌పూర్ వాణిజ్యం బహుముఖంగా విస్తరించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా సుమారు 10 లక్షలు. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల ఉక్కు, చుట్టుపక్కల జిల్లాల ధాన్యం ఈ నగర వ్యాపారానికి ఆధారం. 1931లో పూర్తయిన విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం ఈ ప్రాంతాన్ని ఉత్తరాంధ్రతో ముడివేసింది. రాయ్‌పూర్, దుర్గ్, భిలాయ్ నగరాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. దుర్గ్ నుంచి రాయ్‌పూర్ మీదుగా విశాఖపట్నానికి 2024 సెప్టెంబరులో వందేభారత్ రైలు కూడా ప్రారంభమైంది. కాబట్టి రాయ్‌పూర్ దుకాణదారుడి లెక్క విజయనగరం, విశాఖపట్నం వర్తకులకు కూడా వర్తించేదే.

పదేళ్లలో మారిన గల్లాపెట్టె

దేశంలో చిల్లర చెల్లింపుల వ్యవస్థను నిర్వహించే జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్‌పీసీఐ, 2008లో ఏర్పడింది. ఒక బ్యాంకు ఖాతా నుంచి మరొక ఖాతాకు తక్షణం సొమ్ము చేర్చే ఐఎంపీఎస్ పద్ధతిని ఆ సంస్థ 2010 నవంబరులో ప్రవేశపెట్టింది. దానిని పునాదిగా చేసుకుని యూపీఐ రూపొందింది. నాటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురాం రాజన్ 2016 ఏప్రిల్ 11న ముంబయిలో దీనిని ప్రారంభించారు. అదే సంవత్సరం ఆగస్టు నుంచి బ్యాంకుల యాప్‌లు ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి.

ఆ తరువాత రెండున్నర నెలలకే, 2016 నవంబరు 8న, 500, 1000 రూపాయల పాత నోట్ల రద్దు ప్రకటన వెలువడింది. చేతిలో నోట్లు లేక అమ్మకాలు నిలిచిపోయిన చిన్న దుకాణాలు అంతకు ముందు పట్టించుకోని ఎలక్ట్రానిక్ చెల్లింపుల వైపు అనివార్యంగా మళ్లాయి. డిసెంబరు 30న ప్రభుత్వం భీమ్ యాప్‌ను విడుదల చేసింది.

ఆనాటి అవసరం క్రమంగా అలవాటుగా మారింది. 2021-22లో యూపీఐ ద్వారా సుమారు 4,597 కోట్ల లావాదేవీలు జరగగా, 2024-25 నాటికి ఆ సంఖ్య 18,500 కోట్లు దాటింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే తొలిసారిగా 2,000 కోట్ల లావాదేవీలు నమోదయ్యాయి. ఆ నెల మొత్తం విలువ 24.85 లక్షల కోట్ల రూపాయలు. సగటున ఒక్కో లావాదేవీ విలువ 1,250 రూపాయల లోపే.

అయినా నగదు కనుమరుగు కాలేదు. 2016 నవంబరు నాటికి చలామణిలో సుమారు 18 లక్షల కోట్ల రూపాయల నోట్లు ఉండగా, 2025 మార్చి నాటికి వాటి విలువ 36 లక్షల కోట్లు దాటింది. గల్లాపెట్టెలో నోట్లు, గోడపై క్యూఆర్ స్టిక్కరు ఒకే దుకాణంలో పక్కపక్కన కొనసాగుతున్నాయి.

రుసుముల తేడా ఎంత?

వర్తకుడు కార్డు ద్వారా సొమ్ము స్వీకరించినప్పుడు బ్యాంకులు, కార్డు సంస్థలు అందులో కొంత మినహాయించుకుంటాయి. దీనినే ఎండీఆర్ అంటారు. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డు, యూపీఐ చెల్లింపులపై కేంద్ర ప్రభుత్వం ఈ రుసుమును పూర్తిగా తొలగించింది. తక్కిన డెబిట్ కార్డుల విషయంలో రిజర్వు బ్యాంకు 2018 జనవరి 1 నుంచి గరిష్ఠ పరిమితులు విధించింది. వార్షిక అమ్మకాలు 20 లక్షల రూపాయల లోపు ఉన్న చిన్న వర్తకుల నుంచి కార్డు యంత్రంపై 0.40 శాతం, క్యూఆర్ కోడ్‌పై 0.30 శాతం మించి వసూలు చేయరాదు. అంతకంటే పెద్ద వర్తకులకు ఈ పరిమితులు వరుసగా 0.90, 0.80 శాతం. క్రెడిట్ కార్డులకు మాత్రం ఇటువంటి పరిమితి లేదు. బ్యాంకుతో కుదిరిన ఒప్పందాన్ని బట్టి సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండున్నర శాతం దాకా ఉంటుంది.

పది వేల రూపాయల పట్టుచీర అమ్మిన దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. కొనుగోలుదారు తన బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ ద్వారా చెల్లిస్తే వర్తకుడికి పది వేలూ అందుతాయి. రూపే డెబిట్ కార్డు అయినా అంతే. ఇతర డెబిట్ కార్డును యంత్రంలో ఉపయోగిస్తే, వర్తకుడి స్థాయిని బట్టి 40 నుంచి 90 రూపాయల వరకు కోత పడవచ్చు. రెండు శాతం రుసుముపై క్రెడిట్ కార్డు అయితే 200 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 36 రూపాయలు కలిపి మొత్తం 236 రూపాయలు పోతాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. యూపీఐ అంటే అన్ని సందర్భాల్లోనూ ఉచితమే అనుకోవడం సరికాదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐతో అనుసంధానించుకునే సౌకర్యం 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది. చిన్న వర్తకులకు రెండు వేల రూపాయల వరకు దీనిపై రుసుము లేదు. ఆ పైన విలువ గల చెల్లింపులకు ఎండీఆర్ వర్తిస్తుంది. అలాగే వాలెట్‌లో ముందుగా నింపుకున్న సొమ్ముతో యూపీఐ ద్వారా రెండు వేలకు మించి చెల్లించినప్పుడు 1.1 శాతం దాకా అంతర్గత రుసుము ఉంటుందని 2023లో ఎన్‌పీసీఐ ప్రకటించింది. ఇది కొనుగోలుదారుపై పడదు, వర్తకుడి వైపు భారం. కొనుగోలుదారు అదే స్టిక్కరును స్కాన్ చేస్తాడు, పెట్టె అదే మాట పలుకుతుంది. సొమ్ము ఖాతా నుంచి వచ్చిందా, అప్పు కార్డు నుంచి వచ్చిందా అన్నది మాత్రం మరునాటి జమలో కోత కనిపించినప్పుడే తెలుస్తుంది.

పెద్ద మొత్తాలకు వేరే దారులు

సదర్ బజార్ బంగారం దుకాణాల పరిస్థితి కిరాణా దుకాణాలకు భిన్నం. యూపీఐ ద్వారా ఒకసారికి సాధారణ పరిమితి లక్ష రూపాయలు. 2025 సెప్టెంబరు 15 నుంచి ధ్రువీకరించిన నగల వర్తకుల వద్ద కొనుగోళ్లకు ఎన్‌పీసీఐ దీనిని రెండు లక్షలకు పెంచింది. ఒక వ్యక్తి నుంచి ఒక రోజులో లేదా ఒకే లావాదేవీ కింద రెండు లక్షలు, అంతకు మించి నగదు స్వీకరించడాన్ని 2017 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది.

అందువల్ల పెద్ద అమ్మకాలకు బ్యాంకు బదిలీలే శరణ్యం. ఐఎంపీఎస్ ద్వారా ఐదు లక్షల వరకు తక్షణం పంపవచ్చు. అరగంటకు ఒక విడతగా పరిష్కరించే నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, రెండు లక్షలు మించిన మొత్తాలకు ఉపయోగపడే ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి సెలవు దినాలతో నిమిత్తం లేకుండా రోజంతా పనిచేస్తున్నాయి.

టోకు వ్యాపారంలో చెక్కుకు ఇంకా ఆదరణ ఉంది. గుఢియారీ, డూమర్‌తరాయి టోకు మార్కెట్ల నుంచి అరువుపై సరుకు తీసుకునే చిల్లర వర్తకులకు ముందు తేదీ వేసిన చెక్కు ఒక విధమైన హామీ. అయితే 2025 అక్టోబరు 4 నుంచి రిజర్వు బ్యాంకు చెక్కుల పరిష్కారాన్ని వేగవంతం చేసింది. స్కాన్ చేసిన చెక్కులు ఎప్పటికప్పుడు చెల్లించవలసిన బ్యాంకుకు చేరి, అదే రోజు సాయంత్రం 7 గంటలలోగా ఆమోదమో తిరస్కారమో తేలిపోతుంది. చెక్కు ఇచ్చి, ఆ తరువాత రెండు రోజులలో ఖాతాలో సొమ్ము సర్దుకునే పాత అలవాటుకు ఇక తావు లేదు. అందుకునే వర్తకుడికి ఇది మేలు. ఇచ్చే వర్తకుడు మాత్రం ముందుగా ఖాతా చూసుకోవలసిందే.

మాట్లాడే పెట్టె వెనుక వ్యాపారం

యూపీఐపై రుసుము లేనప్పుడు యాప్‌ల కంపెనీలు దుకాణదారుల వెంట ఎందుకు పడుతున్నాయన్న ప్రశ్న సహజం. దీనికి సమాధానం రెండు చోట్ల దొరుకుతుంది. మొదటిది, సొమ్ము జమ అయినట్లు బిగ్గరగా ప్రకటించే శబ్ద పెట్టె. రద్దీ వేళల్లో ప్రతి ఫోను తెర చూసి నిర్ధారించుకోలేని వర్తకుడికి ఇది నిజంగా ఉపయోగకరమైన పరికరం. అయితే దీనికి చాలా కంపెనీలు నెలకు వంద రూపాయల ప్రాంతంలో అద్దె తీసుకుంటాయి. ఏడాదికి ఇది 1,200 రూపాయలు. రోజుకు రెండు వేల రూపాయల అమ్మకం గల టీ దుకాణానికి కూడా, ఇరవై వేల అమ్మకం గల కిరాణా దుకాణానికి కూడా అద్దె ఒకటే. కాబట్టి భారం చిన్నవాడిపైనే ఎక్కువ.

రెండవది రుణం. దుకాణానికి రోజూ ఎంత సొమ్ము వస్తోందో కంపెనీకి తెలుసు. ఆ సమాచారం ఆధారంగా బ్యాంకులు, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలతో కలిసి తాకట్టు లేని అప్పు ఇప్పించి, రోజువారీ జమలో నుంచి వాయిదా మినహాయించుకుంటారు. బ్యాంకు గడప ఎక్కలేని వర్తకుడికి ఇది ఒక ఆసరా అనడంలో సందేహం లేదు. కానీ రోజుకు ఇంత అని చెప్పినప్పుడు చిన్నదిగా కనిపించే మొత్తం సాలుకు లెక్కిస్తే ఎంత వడ్డీ అవుతుందో చూసుకోవాలి. వార్షిక వ్యయ శాతాన్ని స్పష్టంగా తెలిపే పత్రం రుణగ్రహీతకు ఇవ్వాలని, సొమ్ము మధ్యవర్తి ద్వారా కాక నేరుగా రుణగ్రహీత ఖాతాలో పడాలని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో జారీ చేసిన డిజిటల్ రుణ మార్గదర్శకాలు నిర్దేశించాయి. ఆ పత్రాన్ని అడిగి తీసుకోవడం వర్తకుడి హక్కు.

వీధి వర్తకులకు మరొక మార్గం ఉంది. 2020 జూన్‌లో ప్రారంభమైన పీఎం స్వనిధి పథకం కింద తొలి విడత పది వేల రూపాయల రుణం ఇచ్చేవారు. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం పథకాన్ని 2030 మార్చి 31 వరకు పొడిగిస్తూ తొలి విడతను 15 వేలకు, రెండవ విడతను 25 వేలకు పెంచింది. మూడవ విడత 50 వేల రూపాయలు. డిజిటల్ చెల్లింపులు స్వీకరించే వారికి 1,600 రూపాయల వరకు ప్రోత్సాహకం లభిస్తుంది. పెట్టె అద్దెకు ఇది కొంతవరకు సరిపోతుంది.

సొమ్ము చేతికి అందేది ఎప్పుడు?

పెట్టె పలికినంత మాత్రాన సొమ్ము ఖాతాలో పడినట్లు కాదు. వర్తకుడి బ్యాంకు ఖాతాకు నేరుగా అనుసంధానమైన క్యూఆర్ కోడ్ అయితే జమ అప్పటికప్పుడే జరుగుతుంది. మధ్యవర్తి సంస్థ ద్వారా వసూలయ్యే సొమ్ము సాధారణంగా మరునాటికి చేరుతుంది. కార్డు చెల్లింపులదీ ఇదే పద్ధతి. వెంటనే కావాలంటే కొన్ని సంస్థలు విడిగా రుసుము తీసుకుంటాయి. తెల్లవారుజామున మండీలో నగదు ఇచ్చి కూరగాయలు కొనే వర్తకుడికి ఈ ఒక్క రోజు జాప్యం చాలా పెద్దది. నిన్నటి అమ్మకం డబ్బు అందనిదే నేటి సరుకు రాదు.

దుకాణం నుంచి సరుకు ఇళ్లకు పంపే వర్తకులు చెల్లింపు లింకులను ఆశ్రయిస్తున్నారు. ఇటువంటి మధ్యవర్తి సంస్థలు రిజర్వు బ్యాంకు అనుమతి పొందాలని 2020 మార్చిలో నిబంధన వచ్చింది. వర్తకుల సొమ్మును అవి తమ సొంత నిధులతో కలపకుండా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. దుకాణాల్లో ప్రత్యక్షంగా వసూళ్లు జరిపే మధ్యవర్తులను కూడా 2025 సెప్టెంబరులో ఈ నిబంధనల పరిధిలోకి తెచ్చారు. ఒప్పందం చేసుకునే ముందు సంస్థకు అనుమతి ఉన్నదీ లేనిదీ రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

ఒక్క సంస్థనే నమ్ముకుంటే

ఒకే సంస్థపై ఆధారపడటంలోని ప్రమాదం 2024లో దేశమంతటికీ తెలిసివచ్చింది. నిబంధనలు పాటించలేదన్న కారణంతో పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆ ఏడాది జనవరి 31న ఆంక్షలు ప్రకటించింది. మార్చి 15 తరువాత ఆ బ్యాంకు ఖాతాల్లో కొత్తగా సొమ్ము జమ కావడం నిలిచిపోయింది. వసూళ్లను ఆ బ్యాంకులోనే జమ చేసుకునే వర్తకులు హడావిడిగా వేరే బ్యాంకు ఖాతాను అనుసంధానించుకోవలసి వచ్చింది. అప్పటికే ఇతర బ్యాంకు ఖాతా ఉన్నవారికి ఇబ్బంది కలగలేదు. వారి క్యూఆర్ కోడ్‌లు యథావిధిగా పనిచేశాయి.

ఇదిలా ఉండగా, 2025 మార్చి 26న, ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా యూపీఐ సేవలకు అంతరాయం కలిగింది. అలాంటి వేళ చిల్లర నోట్లు లేని దుకాణానికి వచ్చిన బేరం చేజారడమే. పైగా యూపీఐ లావాదేవీల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు యాప్‌ల ద్వారానే 2025లో జరిగాయి. ఏ యాప్ వాటా 30 శాతం మించరాదని ఎన్‌పీసీఐ 2020 నవంబరులోనే నియమం ప్రకటించినా, అమలు గడువును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించింది.

వర్తకుడికి అనుకూలమైన అంశం ఒకటుంది. ఒక కంపెనీ స్టిక్కరును ఆ కంపెనీ యాప్‌తోనే స్కాన్ చేయాలన్న పరిస్థితికి రిజర్వు బ్యాంకు స్వస్తి చెప్పింది. 2022 మార్చి 31 నాటికి అన్ని సంస్థలూ ఏ యాప్‌తోనైనా పనిచేసే క్యూఆర్ కోడ్‌లకు మారాలని 2020 అక్టోబరులో ఆదేశించింది. కాబట్టి గోడ నిండా నాలుగు స్టిక్కర్లు అక్కరలేదు. వేర్వేరు బ్యాంకు ఖాతాలకు చెందిన రెండు ఉంటే చాలు.

పొంచి ఉన్న మోసాలు

2025 జనవరిలో పొరుగు రాష్ట్రమైన మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో రాత్రికి రాత్రి దుండగులు పలు దుకాణాల వద్ద క్యూఆర్ స్టిక్కర్లపై తమ స్టిక్కర్లను అంటించి వెళ్లారు. ఉదయం చెల్లింపులు వేరొకరి ఖాతాలో పడుతున్నట్లు వర్తకులు గుర్తించాక విషయం బయటపడింది. స్టిక్కరును రాత్రి దుకాణం లోపల పెట్టుకోవడం, తెరవగానే ఒక రూపాయి పంపి సరిచూసుకోవడం ఖర్చులేని జాగ్రత్తలు.

సొమ్ము పంపినట్లు నకిలీ తెరను చూపించి సరుకుతో జారుకునే మోసం మరొకటి. శబ్ద పెట్టెకు ఆదరణ పెరగడానికి ఇదీ ఒక కారణం. సొమ్ము స్వీకరించడానికి పిన్ నంబరు నొక్కమని ఎవరైనా కోరితే అది మోసమేనని గ్రహించాలి. సొమ్ము పంపడానికే తప్ప అందుకోవడానికి పిన్ అవసరం ఉండదు. వ్యక్తులు ఒకరినొకరు సొమ్ము కోరుతూ అభ్యర్థన పంపే సౌకర్యాన్ని మోసాల కారణంగా ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి రద్దు చేసింది.

వర్తకుడి తప్పు లేకుండానే ఎదురయ్యే చిక్కు ఖాతా స్తంభన. ఎవరినో మోసగించి సంపాదించిన సొమ్ముతో నేరగాడు సరుకు కొంటే, దర్యాప్తులో ఆ సొమ్ము జాడ దుకాణం ఖాతా దాకా వస్తుంది. పోలీసుల సూచనపై బ్యాంకు ఆ ఖాతాను స్తంభింపజేయవచ్చు. వివాదంలో ఉన్న మొత్తానికే స్తంభనను పరిమితం చేయాలని కేరళ హైకోర్టు 2023లో పేర్కొంది. ఇటువంటి వేళ వర్తకుడిని కాపాడేది బిల్లు పుస్తకమే. ఏ తేదీన ఏ సరుకు ఎంతకు అమ్మినదీ చూపగలిగితే తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవడం సులభం. వర్తకుడే మోసపోయిన పక్షంలో 1930 నంబరుకు వెంటనే ఫిర్యాదు చేయాలి. బ్యాంకు నెల రోజుల్లో స్పందించకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు.

పన్ను భయం ఎంతవరకు నిజం?

2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల వివరాల ఆధారంగా వేలాది చిన్న వర్తకులకు నోటీసులు జారీ చేసింది. బెంగళూరులో పలు దుకాణాలు క్యూఆర్ స్టిక్కర్లను తొలగించి, నగదు మాత్రమే స్వీకరిస్తామని బోర్డులు పెట్టాయి. పాత బకాయిల కోసం ఒత్తిడి చేయబోమని, అయితే పరిమితి దాటినవారు నమోదు చేసుకోవలసిందేనని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించడంతో ఆందోళన సద్దుమణిగింది.

ఈ వ్యవహారం ఇతర రాష్ట్రాల వర్తకుల్లోనూ సందేహాలు రేపింది. నిజానికి జీఎస్టీ నమోదు బాధ్యత మొత్తం అమ్మకాలను బట్టి ఏర్పడుతుంది. సొమ్ము నగదుగా వచ్చినా, యూపీఐ ద్వారా వచ్చినా చట్టం దృష్టిలో ఒకటే. సరుకులు అమ్మేవారికి ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్‌లలో ఈ పరిమితి ఏడాదికి 40 లక్షల రూపాయలు కాగా, తెలంగాణలో 20 లక్షలు. కోటిన్నర లోపు అమ్మకాలు గల వర్తకులు కాంపొజిషన్ పథకం కింద ఒక శాతం పన్నుతో సరిపెట్టుకోవచ్చు. అయితే సొంత ఇంటి వ్యవహారాలు, బంధువులు పంపిన సొమ్ము కూడా దుకాణం క్యూఆర్ కోడ్ ద్వారానే జమ అయితే అదంతా అమ్మకంగా కనిపిస్తుంది. వ్యాపారానికి విడిగా ఖాతా తెరవడమే దీనికి విరుగుడు.

డిజిటల్ వసూళ్ల వల్ల ఆదాయపు పన్నులో వెసులుబాటు కూడా ఉంది. పూర్తి లెక్కల పుస్తకాలు నిర్వహించని చిన్న వ్యాపారి అమ్మకాల్లో ఎనిమిది శాతాన్ని ఆదాయంగా చూపవచ్చు. బ్యాంకు ద్వారా అందిన సొమ్ముకు ఇది ఆరు శాతమే. రెండు కోట్ల అమ్మకాలు గల వర్తకుడి ఆదాయం అంతా నగదు అయితే 16 లక్షలుగా, అంతా డిజిటల్ అయితే 12 లక్షలుగా లెక్కకు వస్తుంది. ఇతర ఆదాయం లేని వ్యక్తికి 2025-26 సంవత్సరపు కొత్త పన్ను విధానం ప్రకారం మొదటి సందర్భంలో సెస్సు కాక 1.20 లక్షల పన్ను పడుతుంది. రెండవ సందర్భంలో రాయితీ కారణంగా పన్నే ఉండదు.

సిగ్నల్ అందని చోట

రాయ్‌పూర్‌లో సరుకు తీసుకుని బస్తర్ వైపు వారపు సంతలకు వెళ్లే వర్తకులకు మొబైల్ సిగ్నల్ ప్రధాన సమస్య. స్మార్ట్ ఫోను లేనివారి కోసం 2022 మార్చిలో యూపీఐ 123 పే సేవను ప్రారంభించారు. ఇంటర్నెట్ లేకున్నా సాధారణ ఫోను నుంచి దీని ద్వారా పది వేల రూపాయల వరకు చెల్లించవచ్చు. చిన్న చిన్న చెల్లింపులకు పిన్ అవసరం లేని యూపీఐ లైట్ 2022 సెప్టెంబరులో వచ్చింది. చిన్న పట్టణాలు, గ్రామాల్లో కార్డు యంత్రాలు, క్యూఆర్ కోడ్‌ల ఏర్పాటుకు రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో ప్రత్యేక నిధిని నెలకొల్పింది. అయినప్పటికీ సంతలో గిరిజన మహిళ తెచ్చిన విప్పపువ్వుకో, చింతపండుకో నగదు లేకుండా బేరం కుదరదు. వర్తకుడికి ఎన్ని సౌకర్యాలున్నా, ఎదుటివారికి ఏది అనుకూలమో అదే చెల్లుతుంది.

ఖర్చు భరించేదెవరు?

రుసుము లేని చెల్లింపు అంటే ఖర్చు లేని చెల్లింపు అని అర్థం కాదు. ప్రతి లావాదేవీకి బ్యాంకుల కంప్యూటర్లు, భద్రత, సిబ్బంది వ్యయం ఉంటాయి. దీనిని ప్రస్తుతం బ్యాంకులు, కంపెనీలు, ప్రభుత్వ ఖజానా పంచుకుంటున్నాయి. బ్యాంకులకు కేంద్రం ఇచ్చే ప్రోత్సాహకం 2021-22లో 1,389 కోట్లు, 2022-23లో 2,210 కోట్లు, 2023-24లో 3,631 కోట్ల రూపాయలకు చేరింది. 2024-25కు మాత్రం సుమారు 1,500 కోట్లకే పరిమితం చేశారు. ఆ పథకం ప్రకారం చిన్న వర్తకులకు జరిగిన రెండు వేల లోపు చెల్లింపులపై 0.15 శాతం ప్రోత్సాహకం లభించేది.

లావాదేవీలు పెరుగుతూ, సాయం తగ్గుతున్న నేపథ్యంలో పెద్ద వర్తకులపై రుసుము విధించాలని చెల్లింపుల పరిశ్రమ కోరుతోంది. యూపీఐపై ఎండీఆర్ విధిస్తారన్న వార్తలు నిరాధారమని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2025 జూన్‌లో ఖండించింది. కాగా, ఖర్చును ఎవరో ఒకరు భరించక తప్పదని రిజర్వు బ్యాంకు గవర్నరు సంజయ్ మల్హోత్రా ఆ తరువాత అభిప్రాయపడ్డారు.

ఇతర దేశాల అనుభవం వేరుగా ఉంది. బ్రెజిల్ కేంద్ర బ్యాంకు 2020 నవంబరులో ప్రారంభించిన పిక్స్ విధానంలో వ్యక్తులకు సేవ ఉచితం. వర్తకుల నుంచి బ్యాంకులు కొంత రుసుము తీసుకోవచ్చు. ఐరోపా సమాజంలో కార్డు చెల్లింపులపై బ్యాంకుల మధ్య అంతర్గత రుసుమును 2015 డిసెంబరు నుంచి డెబిట్ కార్డుకు 0.2 శాతం, క్రెడిట్ కార్డుకు 0.3 శాతానికి పరిమితం చేశారు. మన దేశంలో క్రెడిట్ కార్డుకు ఇటువంటి పరిమితి లేకపోవడం చిన్న వర్తకులకు లోటే.

వర్తకుడికి దారి

ఈ వివరాలన్నింటినీ కలిపి చూస్తే చిన్న దుకాణానికి అనువైన ఏర్పాటు క్లిష్టమైనదేమీ కాదు. రోజువారీ చిన్న అమ్మకాలకు బ్యాంకు ఖాతాకు నేరుగా అనుసంధానమైన క్యూఆర్ కోడ్ అన్నింటికంటే చవక. లాభశాతం ఎక్కువగా ఉండే బట్టలు, గృహోపకరణాల వంటి సరుకులకే కార్డు యంత్రం గిట్టుబాటు అవుతుంది. ఆ యంత్రం అద్దె, నెలకు కనీస లావాదేవీల షరతు, క్రెడిట్ కార్డుపై శాతం ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి. పెద్ద మొత్తాలకు బ్యాంకు బదిలీ సురక్షితం. సేవలు నిలిచిపోయిన వేళకు కొంత చిల్లర నగదు, రెండవ బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉండాలి.

అన్నింటికీ మించి నెలకు ఒక్కసారి అమ్మకాల పుస్తకాన్ని, బ్యాంకు జమలను పక్కపక్కన పెట్టి సరిచూసుకోవడం అవసరం. అమ్మిన మొత్తానికీ, అందిన మొత్తానికీ మధ్య ఉన్న తేడాయే ఆ దుకాణం చెల్లిస్తున్న అసలు ఖరీదు. అద్దె, రుసుము, వాయిదాల పేరిట కొద్దికొద్దిగా పోయే ఆ సొమ్ము ఎంతో తెలిసిన వర్తకుడు బ్యాంకుతోనైనా, కంపెనీ ఏజెంటుతోనైనా బేరం ఆడగలడు.